ఉమ్మడి పొలం ప్రాజెక్టు డైరీ: మొదటి విత్తనానికి ముందు

మొదటి నెల: స్థలం

నగర కౌన్సిల్ చేసిన తీర్మానం మూడు వాక్యాలే. కౌన్సిల్ చేతిలో ఉన్న ఖాళీ స్థలాల్లో ఒకదాన్ని పౌరులు కలిసి సాగు చేసుకునే పొలంగా మార్చాలి, అందుకు ప్రణాళిక తయారు చేయాలి, పని చూసేందుకు కమిటీ వేయాలి. ఉద్యానవనాలు, ఇంజినీరింగ్, నీటి సరఫరా, న్యాయ విభాగాల నుంచి ఒక్కొక్కరు, పౌరుల తరఫున కొందరం. మట్టి, మళ్ల అమరిక నా వంతుకు వచ్చాయి.

తొలి సమావేశానికి వెళ్లేసరికే గోడకు ఒక రంగుల బొమ్మ తగిలించి ఉంది. గుండ్రటి మళ్లు, నడుమ ఫౌంటెన్, గట్ల మీద నవ్వుతున్న పిల్లలు. స్థలం ఏదో తేలకముందే గీసిన బొమ్మ అది. కొళాయి ఎక్కడా లేదు, కంపోస్టు కుప్ప లేదు, భవనాలకు నీడ లేదు. దాన్ని పక్కన పెట్టించడానికే సమావేశం సగం అయిపోయింది.

చూపించిన స్థలాల్లో మొదటిది పెద్ద వీధి పక్కన, వచ్చేపోయేవారందరి కంట పడే చోటు. ఫొటోలకు బాగుంటుందని కౌన్సిలర్లకు దాని మీదే మనసు. ఎదురుగా ఆరంతస్తుల భవనం ఉంది. టమాటా, వంగ, చిక్కుడు లాంటి కాయగూరలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. ఆకుకూరలైతే నాలుగు గంటలతో సర్దుకుంటాయి. ఉదయం నుంచి గంటకోసారి నీడ అంచు వెంట సున్నం చల్లి గీతలు గీశాం. పొద్దు వాలేసరికి ఆరు గంటల ఎండ పడిన నేల ఒక బ్యాడ్మింటన్ కోర్టంత మిగిలింది. ఎవరూ వాదించలేదు, గీతలు కళ్లెదుటే ఉన్నాయి.

రెండోది పల్లం. అడుగు లోతు గుంట తీసి ఒకసారి నీళ్లు నింపి ఇంకనిచ్చాం. మళ్లీ నింపి కొలబద్ద పెట్టాం. గంటకు రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు దిగితే నేల బాగున్నట్టే. మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే నీళ్లు గుంటలోనే నిలిచి ఉన్నాయి.

మూడోది కౌన్సిల్ వాహనాల పాత షెడ్డు ఆవరణ. రోజంతా ఎండ. పక్కనే గ్రంథాలయం, ఎదురుగా బస్సు స్టాపు, రోడ్డు కిందే నీటి పైపు. కంప్యూటర్‌లో మార్కులు వేసి కూడితే ఇదే గెలిచింది. కానీ దశాబ్దాలుగా లారీలు నిలిచి, ఆయిలు కారి, గోడలకు పెయింటు మీద పెయింటు పడిన నేల. మట్టి పరీక్ష తేలేదాకా ఎంపికను ఖరారు చేయవద్దని రాతపూర్వకంగా ఇచ్చాను.

రెండో నెల: మట్టి

ముందు కాగితాలు వెతికాం. పాత పటాల్లో డీజిల్ ట్యాంకు ఎక్కడుండేదో, వాహనాలు కడిగే గచ్చు ఎక్కడుండేదో దొరికింది. షెడ్డులో పనిచేసి పదవీ విరమణ చేసిన మెకానిక్ ఒకాయన వచ్చి, పాత బ్యాటరీలు పడేసే మూల చూపించారు. ఏ పటంలోనూ లేని సంగతి అది. ఆ మూలకు విడిగా నమూనా తీశాం.

నమూనా తీయడం తేలిక పనే గాని, శ్రద్ధ లేకపోతే ఫలితమంతా వృథా. ఆవరణను నాలుగు ముక్కలుగా విడగొట్టాం. ఒక్కో ముక్కలో వంకరటింకరగా నడుస్తూ పదిహేను చోట్ల ఆగాలి. పైనున్న గడ్డి, చెత్త తప్పించి, పారతో ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల గుంట తీయాలి. గుంట పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా ఒకే మందాన మట్టిని చెక్కి ప్లాస్టిక్ బకెట్లో వేయాలి. ఇనుప బకెట్ వాడితే లోహాల లెక్క తేడా వస్తుంది. చివరకు గుడ్డ మీద పోసి, గడ్డలు చిదిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ పోవాలి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. దాన్ని నీడలో ఆరబెట్టి, సంచిలో పోసి, ముక్క సంఖ్య రాసి ప్రయోగశాలకు పంపాం. ఇంజినీరింగ్ విభాగం మనిషి మొదట గేటు దగ్గర ఒక్క చోట తవ్వి ఇస్తే చాలన్నారు. ఎండలో మాతో తిరిగాక, బ్యాటరీల మూల నమూనాను తానే తీశారు.

నివేదిక వచ్చింది. నడి ఆవరణ పరవాలేదు. గోడ వెంట, బ్యాటరీల మూలలో సీసం కిలో మట్టికి 200 మిల్లీగ్రాములు దాటింది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇళ్ల స్థలాల్లో సీసానికి ఏళ్ల తరబడి 400 మిల్లీగ్రాములను హెచ్చరిక హద్దుగా ఉంచి, 2024 జనవరిలో దాన్ని 200కు దించింది. మేం ఆ కొత్త హద్దునే పట్టుకున్నాం. వాహనాలు నిలిచిన నేలలో సీసం ఉండటం వింతేమీ కాదు. 1920ల నుంచి పెట్రోలులో కలుపుతూ వచ్చారు. రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మడం చివరగా ఆపిన దేశం అల్జీరియా, అదీ 2021లో. మట్టిలో చేరిన సీసం తనంతట తాను పోదు.

ఈ నివేదికతో కమిటీలో రెండు వాదాలు పుట్టాయి. ప్రాజెక్టే వద్దని కొందరు, ఇదేమంత విషయం కాదని కొందరు. రెండూ తప్పే. సీసం మొక్క వేళ్ల నుంచి కాయలోకి చాలా తక్కువ ఎక్కుతుంది. దుంపల్లో, ఆకుకూరల్లో ఎక్కువ. అసలు ప్రమాదం దుమ్ము: చేతులకంటిన మట్టి, ఆకులకంటిన మట్టి, పిల్లల నోట్లోకి పోయే మట్టి. కాబట్టి గోడ వెంట ఉన్న పట్టీలో తినే మొక్క ఏదీ పెట్టం. అక్కడ సామాన్ల గది, బండ్లు నిలిపే చోటు, మిగిలిన నేలంతా చెక్క పొట్టు కప్పిన పూల పొదలు. బ్యాటరీల మూల మట్టిని తవ్వి తీయిస్తాం. నడి ఆవరణలో నేల మీద గుడ్డ పరిచి, దాని మీద ఎత్తు మళ్లు కట్టి బయటి మట్టి నింపుతాం. చేతులు కడుక్కునే కొళాయి గేటు పక్కనే ఉండాలి.

ఎత్తు మడి అనడం సులువు. నింపాల్సిన మట్టి లెక్క వేసేసరికి గదిలో మాట పడిపోయింది. మడి వెడల్పు 1.2 మీటర్లు, పొడవు 3 మీటర్లు, లోతు 30 సెంటీమీటర్లు. అంటే ఒక్కో మడికి ఒక ఘనపు మీటరు పైన. మొదటి విడత 40 మళ్లకు 43 ఘనపు మీటర్లు. రెండు వంతులు మట్టి, ఒక వంతు కంపోస్టు. తడి మట్టి ఘనపు మీటరు టన్నుకు పైనే తూగుతుంది. ఈ లారీలు లోపలికి రావాలంటే గేటు వెడల్పు చేయాలి. రంగుల బొమ్మలో గేటు ఒక మనిషి పట్టేంతే ఉంది. కొనే మట్టిని కూడా దింపుకోకముందే పరీక్ష చేయించాలని షరతు పెట్టించాం. ఇక్కడి సీసం తప్పించుకోవడానికి మరో చోటి పురుగుమందును కొని తెచ్చుకోవడంలో అర్థం లేదు.

మళ్ల అంచులకు ఉద్యానవనాల విభాగం గోదాములో పాత రైలు స్లీపర్లు ఉచితంగా ఉన్నాయన్నారు. వద్దన్నాం. అవి చెడిపోకుండా క్రియోసోట్ అనే విషపు తారులో నానబెట్టిన చెక్కలు. పుచ్చకుండా మందు ఎక్కించిన పాత పచ్చరంగు చెక్కలూ వద్దు, వాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండే అవకాశం ఉంది. మామూలు చెక్క ఏడెనిమిదేళ్లకు పుచ్చితే పుచ్చనీ, మారుస్తాం.

మూడో నెల: నీళ్లు

నీటి సరఫరా విభాగం నుంచి వచ్చినావిడ బకెట్టుతో వచ్చారు. కమిటీలో నాకు నచ్చిన మనిషి. గ్రంథాలయం వెనక కొళాయి తిప్పి, పది లీటర్ల బకెట్ నిండటానికి ఎంత పడుతుందో గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. నలభై సెకన్లు. నిమిషానికి 15 లీటర్లు.

ఇక లెక్క కాగితం మీద. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఎండలు ముదిరిన రోజుల్లో కూరగాయల మడి రోజుకు ఐదు మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. 40 మళ్లు కలిపి 144 చదరపు మీటర్లు, అంటే రోజుకు 720 లీటర్లు. ఈ కొళాయితో 48 నిమిషాలు. ఒక్కరే గొట్టం పట్టుకుని తడిపితే ఫరవాలేదు. సాయంత్రం ఆరింటికి నలభై కుటుంబాలు బకెట్లతో దిగితే తగాదా ఖాయం. అందుకే రెండు వేల లీటర్ల ట్యాంకు, ప్రతి మడికీ డ్రిప్ గొట్టం, నాలుగు మళ్లకు ఒక వాల్వు.

వాననీటి మాట వచ్చింది. షెడ్డు కప్పు పాత ఆస్బెస్టాస్ రేకు, ఆ నీళ్లు వద్దు. గ్రంథాలయానిది 200 చదరపు మీటర్ల కాంక్రీటు కప్పు. పది మిల్లీమీటర్ల వాన పడితే రెండు వేల లీటర్లు, చిందినవీ ఆవిరైనవీ పోను పదహారు వందలు. రెండు రోజులు గడుస్తాయి. వానపడ్డ రోజున తడపనక్కరలేదు కాబట్టి పెద్ద తొట్టి ఉంటేనే దానికి విలువ. తొట్టికి దోమలు చొరబడని మూత తప్పదు.

పైపు ఎక్కడ వేయాలో అరగంటలో తేలింది. బిల్లు ఎవరు కట్టాలో తేలడానికి నెలంతా పట్టింది. గ్రంథాలయం మీటరు మీద వాడుకుంటే గ్రంథాలయం బడ్జెట్‌కు చిల్లు. సాగుదారులే కట్టాలంటే పేదవాళ్లు రారు. చివరకు పొలానికి విడిగా మీటరు, నెలకు ఇంత అని ఒక హద్దు దాకా కౌన్సిల్ ఖర్చు, ఆపైన సాగుదారుల సంఘం ఖర్చు. డ్రిప్ కారిపోతుంటే పట్టించుకునే మనిషి కావాలంటే ఈ రెండో భాగం ఉండాల్సిందే.

నాలుగో నెల: ఎవరి మడి ఎవరిది

ఇక్కడ కమిటీ నిలువునా చీలింది. ఇంటికో మడి పంచాలని కొందరు, అంతా ఉమ్మడిగా పండించి ఎవరికి కావలసింది వారు కోసుకోవాలని కొందరు.

పంచే పద్ధతికి పాత పునాది ఉంది. బ్రిటన్‌లో 1908 నాటి చట్టం ప్రకారం, జనం అడిగితే సాగు ముక్కలు సమకూర్చడం స్థానిక సంస్థల బాధ్యత. అక్కడ సంప్రదాయంగా ఒక ముక్క సుమారు 250 చదరపు మీటర్లు. మా నలభై మళ్లూ కలిపినా అందులో అంత రావు. సియాటిల్ నగరంలో 1973 నుంచి నడుస్తున్న పీ-ప్యాచ్ తోటల్లో ముక్కలు చిన్నవి, కానీ తన ముక్క చూసుకుంటే సరిపోదు, ఉమ్మడి పనికీ గంటలు ఇవ్వాలి.

కోసుకునే పద్ధతికి జర్మనీలోని అండర్నాఖ్ పట్టణం ఉంది. 2010లో అక్కడి పాలకులు కోట గోడ వెంట 101 రకాల టమాటాలు నాటించి, ఎవరైనా కోసుకోవచ్చని చెప్పారు. బాగుంది. అయితే అక్కడ మొక్కలను చూసుకునే ఏర్పాటును పట్టణమే చేసింది. మా తీర్మానంలో ఒక్క ఉద్యోగి కూడా లేడు. అందరిదీ అన్న మడికి కలుపు తీసేది ఎవరని అడిగితే బల్ల చుట్టూ చూపులు తిరిగాయి.

నా ఓటు పంపకానికే. తన పేరున్న మడిలో కలుపు పెరిగితే మనిషికి సిగ్గేస్తుంది, ఆ సిగ్గు మీదే పొలం నడుస్తుంది. అయినా అన్నీ పంచేస్తే ఇది ప్రజల స్థలం కాదు, నలభై మందిదవుతుందన్న ఎదుటివారి మాటలో పస ఉంది. కుదిరిన ఏర్పాటు ఇది: 28 మళ్లు కుటుంబాలకు, చీటీ తీసి. ఎనిమిది మళ్లు పక్క బడికి, వృద్ధుల కేంద్రానికి, సాగు నేర్చుకోవడానికి వచ్చేవారికి. నాలుగు మళ్లు, బయటి కంచె వెంట తీగజాతులు మాత్రం దారినపోయే ఎవరైనా కోసుకోవచ్చు. ఆ కంచె ఉన్నది మంచి మట్టి వైపే, అది ముందే చూసుకున్నాం. రెండు నెలలు బీడు పెట్టిన మడి వెయిటింగ్ జాబితాలో తర్వాతివారికి పోతుంది. ఈ చివరి నిబంధన మీద ఎవరూ నోరెత్తలేదు. ఏడాది తిరిగాక ఎక్కువ కీచులాట దాని మీదే ఉంటుందని నా అంచనా.

నమూనాగా రెండు మళ్లు కట్టి చూశాం. ఇంజినీర్ల నక్షాలో వెడల్పు మీటరున్నర ఉంది, మట్టి కలిసొస్తుందని. వృద్ధుల కేంద్రం నుంచి వచ్చిన ఒకావిడ మడి పక్కన కూర్చుని నడిమి మొక్కకు చెయ్యి చాపారు. వేళ్లు అందలేదు. అందుకోవడానికి అంచు మీద మోకాలు ఆనించారు, చెక్క కిర్రుమంది. రెండు పక్కల నుంచీ అందాలంటే మడి 1.2 మీటర్లు మించకూడదని నెలల నుంచి చెబుతున్నాను, ఆ కిర్రుతో ఒప్పుకున్నారు. చక్రాల కుర్చీ వారికి ఆరు మళ్లు 70 సెంటీమీటర్ల ఎత్తున, ఒక పక్కనుంచే అందేలా 60 సెంటీమీటర్ల వెడల్పున. వాటి చుట్టూ దారి 1.2 మీటర్లు, గట్టి నేల. కంకర పోస్తే చక్రాలు దిగబడతాయి.

ఐదో నెల: ఎన్నేళ్లకు

మట్టి కన్నా నీటి కన్నా ఈ ప్రాజెక్టుకు ముఖ్యమైనది ఈ నెలలోనే జరిగింది, చూడటానికి మాత్రం అంతా కాగితాల పనే. న్యాయ విభాగం తెచ్చిన ఒప్పందం ముసాయిదాలో ఒక వాక్యం: కౌన్సిల్ ఎప్పుడు కోరినా ముప్పై రోజుల్లో స్థలం ఖాళీ చేయాలి.

ముప్పై రోజుల్లో ముల్లంగి పండుతుంది. ఇంకేమీ పండదు. బయటి నుంచి తెచ్చి పోసిన మట్టి కట్టు కుదిరి, వానపాములు చేరి, నీటిని పట్టి ఉంచే నేల కావడానికి ఏళ్లు పడుతుంది. రేపు ఉంటుందో లేదో తెలియని చోట ఎవరూ కంపోస్టు వేయరు, ఉన్న సారం పిండుకుని పోతారు. నిమ్మ, జామ లాంటివి నాటడం ఊసే ఉండదు.

లాస్ ఏంజిలిస్‌లో జరిగింది కమిటీ ముందు పెట్టాను. నగరం చేతిలోని 14 ఎకరాల్లో 1990ల మధ్య నుంచి సుమారు 350 కుటుంబాలు సాగు చేసిన సౌత్ సెంట్రల్ ఫామ్ అది. 2003లో నగరం ఆ స్థలాన్ని పాత యజమానికి తిరిగి అమ్మింది, 2006 జూన్‌లో పోలీసులు ఖాళీ చేయించారు, బుల్డోజర్లు దిగాయి. న్యూయార్క్‌లో నగర యంత్రాంగం 1999లో వందకు పైగా తోటలను వేలానికి పెట్టింది. వేలం ముంగిట రెండు సంస్థలు కొనుక్కోబట్టి అవి మిగిలాయి. అర్జెంటీనాలోని రొసారియో వేరే దారి పట్టింది. 2001 ఆర్థిక సంక్షోభం తర్వాత మొదలైన పట్టణ సాగును నగర భూవినియోగ ప్రణాళికలోకే ఎక్కించింది.

న్యాయ విభాగం అధికారి తెలివైన మనిషి, మొండి కాదు. "భవిష్యత్తు కౌన్సిల్ చేతులు కట్టేయలేం" అన్నారు. కట్టేయమని అడగలేదు, లెక్క చెప్పి వెళ్లమన్నాం. మా ముసాయిదా: పదేళ్లు, ఆపైన పొడిగింపు. ఖాళీ చేయించాలంటే ఏడాది ముందు నోటీసు, సాగుదారుల ఇళ్లకు ఇంతే దూరంలో ప్రత్యామ్నాయ స్థలం, మళ్లలోని మట్టిని అక్కడికి తరలించే ఖర్చు కౌన్సిల్‌ది. మూడోదాన్ని విని నవ్వారు. టన్నుల లెక్క చూపించాక నవ్వలేదు.

ఆరో నెల: బహిరంగ విచారణ, ఓటు

విచారణకు వచ్చినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల నివాసులు. ఎలుకలు, వాసన, దొంగతనాలు, రాత్రిపూట గోల. వాసన గురించి గట్టిగా అడిగినాయన ఇల్లు కంపోస్టు కుప్పకు అనుకున్న చోటికి ఎదురుగానే ఉంది, అడగకపోతేనే వింత. కుప్ప కంపు కొట్టిందంటే గాలి అందడం లేదని, లేదా పచ్చి చెత్త ఎక్కువై ఎండుటాకులు తక్కువయ్యాయని అర్థం. ఎండుటాకులిచ్చే కర్బనం, పచ్చి చెత్త ఇచ్చే నత్రజని పాళ్లు ముప్పైకి ఒకటి దగ్గర ఉంటే కుప్ప సరిగ్గా మాగుతుంది. ఘనపు మీటరుకు తగ్గని కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే, తిరగేస్తూ ఉంటే, రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. వండిన అన్నం, మాంసం వేయకపోతే ఎలుకలకు పని ఉండదు. ఇంత చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. కుప్పలను ఆవరణకు అటు చివరకు జరిపాం, కింద ఎలుకలు తొలవని ఇనుప వల వేస్తామని రాసిచ్చాం. మిగిలిన అభ్యంతరాలు పది నిమిషాల్లో తేలిపోయాయి.

కౌన్సిల్ ఓటు అనుకూలంగా వచ్చింది. పదేళ్లు ఏడేళ్లయ్యాయి. ఏడాది నోటీసు, ప్రత్యామ్నాయ స్థలం నిలిచాయి. మట్టి తరలింపును 'వీలైనంత వరకు' అన్న మాట తగిలించి ఉంచారు. ఆ మాట తీయించడానికి చూశాను, కుదరలేదు. ఖర్చు తగ్గించడానికి రెండు కోతలు పడ్డాయి. సామాన్ల గది సగమైంది, దాంతో నాకు ఇబ్బంది లేదు. రెండోది మరుగుదొడ్డి. గ్రంథాలయంలోది వాడుకోమన్నారు. గ్రంథాలయం సాయంత్రం ఐదింటికి మూస్తారు, పనులకు వెళ్లేవారు పొలానికి వచ్చేది ఐదు దాటాకే. ఆడవాళ్లను, వయసు మళ్లినవారిని గంటకు మించి నిలవనీయని పొలానికి చక్రాల కుర్చీ మళ్లు కట్టడం దేనికి?

మరుగుదొడ్డిని తిరిగి చేర్చాలన్న సవరణ ప్రతిపాదన వచ్చే సమావేశం ఎజెండాలో చేరింది. వృద్ధుల కేంద్రం విడిగా వినతి ఇస్తోంది. ఈలోగా నీటి పైపుకు కందకం తవ్వకం మొదలవుతుంది. మురుగు పైపుకు కూడా చోటు ఉంచి, తగినంత ఎడం పాటించి తవ్వమని ఇంజినీరుకు ఉత్తరం రాశాను, ఆయన సరేనని సంతకం పెట్టారు. మడికి దరఖాస్తులు సవరణ తేలాకే తీసుకుంటాం.